నోర్జ్మా విప్పిన క్లచ్

బండి అరుస్తోందే గానీ ఎక్కడం లేదు. నోర్జ్మా యాక్సిలరేటర్ మరింత తిప్పింది. ఇంజను గొంతు చించుకుంది. వెనక చక్రం మాత్రం ఆ అరుపుతో తనకేమీ సంబంధం లేనట్టు నింపాదిగా తిరిగింది. మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దించినా అంతే. కొండ వాలు మీద గొర్రెలు గాలికి ఎదురెక్కుతూ దూరమైపోతున్నాయి. కాళ్ళ దగ్గర నుంచి మాడిన వాసన వస్తోంది. చివరికి ఆమె దిగి, బండిని రాళ్ళలో నుంచి తోసుకుంటూ, ఆయాసం మధ్యలోనే బండినీ బావగారినీ కలిపి తిట్టుకుంటూ మంద వెంట పడింది.

బావగారు ఆ బండిని తెచ్చిచ్చి గట్టిగా వారం కాలేదు మరి.

బావగారంటే ఆమె భర్త ఒచిర్‌కి అన్న, నమ్జిల్. నది దిగువన ఉంటాడు. పొద్దున గుర్రమెక్కితే మధ్యాహ్నం టీ వేళకు చేరవచ్చు. అతనికీ అచ్చం ఇలాంటి బండే ఉంది. ఆ లోయలో ఎవరి గుడారం ముందు చూసినా అదే బండి, అదే ఎర్ర ట్యాంకు. వేసవి అంతా నమ్జిల్ తన బండిని కనుమ మీదికి తోసుకుంటూ ఎక్కడం అందరూ చూశారు. శరదృతువు మొదలవుతుండగా గుర్రమెక్కి వచ్చి, "మరదలా, సోమ్ పట్నం నుంచి గుడారానికి కొత్త ఉన్నిగుడ్డ తెచ్చుకోవాలి. నా బండి కొండెక్కట్లేదు. నీది ఓసారి ఇస్తావా?" అని అడిగాడు. నోర్జ్మా ఇచ్చింది. ఇవ్వకుండా ఎలా ఉంటుంది? గుర్రాన్ని వీళ్ళ దగ్గర వదిలి బండి మీద వెళ్ళాడు. అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా తిరిగొచ్చి, ఆమె పోసిన ఉప్పు టీ తాగి, ఆమె వేయించిన పిండిముక్కలు తిని, గుర్రానికి జీను బిగించుకుంటూ ఒక మాటన్నాడు.

"నీ బండి క్లచ్ నీరసంగా ఉందేం మరదలా? ఆడవాళ్ళు లివర్ మీంచి చెయ్యి తియ్యరు కదా. అందుకే మాడిపోతుంది."

ఆ మాట ఆమె కంటే ముందే లోయంతా తిరిగింది. ఎండుగడ్డి దగ్గర కలిసిన ప్రతివాడూ నవ్వు మొహంతో, "చెయ్యి తీసి నడపమ్మా, చెయ్యి తీసి," అన్నాడు. బండి ఎక్కడం రాని ముసలమ్మలు కూడా అన్నారు. అందరికంటే ఎక్కువగా ఇంట్లో మొగుడన్నాడు.

ఒచిర్ ఆ ఆగస్టులో కుర్ర గుర్రాన్ని మచ్చిక చేయబోయి కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు వేసిన కాలిని దిండు మీద పెట్టుకుని, గుడారంలో పడమటి మంచం మీద పడుకుని, ప్రపంచంలోని పనులన్నింటికీ అక్కడి నుంచే సలహాలిస్తున్నాడు.

"అన్నయ్య అబద్ధం ఎందుకు చెప్తాడే? నువ్వు లివర్ నొక్కిపెట్టే నడుపుతావ్. నేను చూశా."

"ఎప్పుడు చూశావ్? నా వెనక కూచుని గురక పెడుతూనా?"

"సరేలే. అన్నయ్యకి కబురు పెడదాం. వచ్చి చూస్తాడు."

"ఆయనొచ్చి చూసింది చాలు."

బండిని సోమ్‌లో మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాలంటే మధ్యలో కనుమ ఉంది. కనుమ ఎక్కగలిగే బండే అయితే మేస్త్రీ ఎందుకు? గడ్డి మోసే రోజుల్లో ఎవరి లారీ కూడా ఖాళీగా ఉండదు. గుర్రాల మంద ఎక్కడో ఉత్తరాన మేస్తోంది. చేతికందేది ఒక్క ముసలి గోధుమరంగు గుర్రం. నీళ్ళు దానితోనే, మంద దానితోనే, సోమ్‌కి వెళ్ళి మొగుడి మందులు తేవడమూ దానితోనే. మూడు పనులకూ అది సరిపోవడం లేదు.

పక్క గుడారంలో జంబల్ తాత ఉండేవాడు. మందలన్నీ సర్కారువిగా ఉన్న సమష్టి కాలంలో లారీ నడిపినవాడు. ఇప్పుడు రెండు కళ్ళలోనూ పొర. మనుషుల్ని అడుగుల చప్పుడుతో, గొర్రెల్ని దగ్గుతో గుర్తుపడతాడు. నోర్జ్మా వెళ్ళి అతని ముందు కూర్చుంది.

"తాతా, నా చెయ్యి మంచిది కాదంట. నిజమా?"

"చెయ్యి సంగతి తర్వాత. లివర్ నొక్కేముందు చివర్లో కాస్త వదులుందా?"

"ఉంది."

"వేలు మందమంత?"

"ఉంది తాతా. కింద తీగ కొసన మర కూడా తిప్పి చూశా. ఇంకా వదులు చేశా. అయినా జారుతోంది."

"అయితే తీగ తప్పు కాదు. లోపల ప్లేట్లు పోయాయి. విప్పాలి."

"ఎవరు విప్పుతారు?"

"నాకా కళ్ళు లేవు. నీ మొగుడికి కాలు లేదు. బుర్ర సంగతి నేను మాట్లాడను." తాత ముక్కుపొడి పీల్చి, రెండుసార్లు తుమ్మాడు. "నువ్వే విప్పాలి."

"నేను పిండి డబ్బా మూత తప్ప ఇంకేదీ విప్పలేదు తాతా."

"గొర్రెని విప్పలేదూ? ఏ పేగు ఎక్కడిదో నీకు ఎవరైనా చెప్పాలా? ఇదీ అంతే. కాకపోతే దీన్ని మళ్ళీ కుట్టి బతికించాలి."

మర్నాడు పొద్దున గొర్రెల్ని వదిలాక నోర్జ్మా పాత ఉన్నిగుడ్డ ఒకటి గుడారం ముందు పరిచి, బండిని ఎడమవైపుకు ఆనించి, కూర్చుంది. తాతని కుర్చీలో పక్కన కూర్చోబెట్టింది. లోపలి నుంచి ఒచిర్ అరుస్తూనే ఉన్నాడు. "ఆయిలు తీశావా? తియ్యకుండా విప్పకు! ఒసే, ఆయిలు!"

ఆ మాట వినిపించేసరికే ఆలస్యమైంది. ఆమె అడుగు బోల్టు విప్పింది గానీ పళ్ళెం పెట్టలేదు. నల్లటి నూనె ఉన్నిగుడ్డ మీద సగం, ఆమె ఒళ్ళో సగం. మొగుడు చెప్పింది ఒక్కసారైనా నిజమైనందుకు ఆమెకు మరింత మండింది. మిగిలిన దాన్ని పాత బేసిన్‌లోకి పట్టింది. కిక్ రాడ్ ఊడదీసింది, క్లచ్ తీగ తప్పించింది. కుడివైపు మూత చుట్టూ బోల్టులు. వాటిని విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చమన్నాడు తాత.

మూడో బోల్టు దగ్గర పానా జారింది. మళ్ళీ పెడితే మళ్ళీ జారింది. వంగి చూసింది. బోల్టు తల అంచులన్నీ నలిగి గుండ్రమైపోయాయి. ఉలితో కొట్టినట్టు, ఇంకా తళతళలాడుతున్న కొత్త గాట్లు.

"తాతా, వసంతంలో మేస్త్రీ కొత్త ప్లేట్లు వేయడానికి విప్పినప్పుడు ఇవి ఇలా లేవు."

"బాగా గుర్తుందా?"

"పక్కనే కూచున్నా. బోల్టులు నా అరచేతిలోనే పోశాడు."

గుడారపు మేకులు కొట్టే చెక్క సుత్తితో చిన్నగా తడితే మూత కదిలింది. అంచు పొడుగునా చిక్కటి ఎర్ర జిగురు. వసంతంలో మేస్త్రీ వేసింది కాగితం ప్యాకింగ్. అది ఆమె చేత్తోనే అందించింది. ఆ కాగితం ఇప్పుడు ముక్కలై, ఎర్ర జిగురులో ఇరుక్కుని ఉంది. తాత ఆ జిగురు వాసన చూశాడు. "ఇంకా విప్పు," అన్నాడంతే.

నాలుగు స్ప్రింగులూ వచ్చాయి. మధ్యలో ప్లేట్లని పట్టి ఉంచే లాకు ఒకటుంది. తోలు కుట్టే ఆరెతో దాన్ని పైకి లేపబోతే, అది టంగుమని ఎగిరి ఎండు పేడ కుప్పలోకి పోయింది. పేడంతా పిండి జల్లించే జల్లెడతో జల్లించి దాన్ని వెతికేసరికి మధ్యాహ్నమైంది. ఆ తరువాత ప్లేట్లు చేతిలోకి వచ్చాయి.

వసంతంలో అవి తేనె రంగులో ఉన్నాయి. గోరుతో గీకితే చెక్కలా గరుకుగా తగిలాయి. ఇవి బొగ్గులా నల్లగా, నాకిన ఎముకలా నున్నగా ఉన్నాయి. అంచులు అరిగిపోయాయి. వాటి మధ్య ఉండే ఇనుప బిళ్ళలు వేడికి నీలం తిరిగాయి. తాత ఒకటి తీసుకుని వేళ్ళతో తడిమాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది ఒక్క వేసవిలో అరిగింది కాదమ్మా. ఇది ముసలిది. నాలాగా."

నోర్జ్మా మోకాళ్ళ మీద అలాగే కూర్చుండిపోయింది. తోసుకుంటూ కనుమ ఎక్కిన బండి, అచ్చం ఇలాంటి బండి, ఇప్పుడు దిగువ నుంచి గుర్రప్పాల క్యాన్లు మోసుకుని హాయిగా కనుమ ఎక్కుతోందని మొన్ననే ఎవరో అన్నారు. ఆమె ప్లేట్లు చేత పట్టుకుని గుడారంలోకి వెళ్ళి, ఒచిర్ ఛాతీ మీద పడేసింది.

"ఇవి మనవి కాదు. మీ అన్నవి. మనవి తీసి ఆయన వేసుకున్నాడు. ఈ మసిబొగ్గులు మనకి తగిలించాడు."

ఒచిర్ వాటిని తిప్పి తిప్పి చూశాడు. చొక్కా మీది మసి తుడుచుకున్నాడు. అతనికి అర్థమైందని ఆమెకు తెలిసిపోయింది. ఎందుకంటే ఈసారి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

"తీసుకున్నాడే అనుకో," అన్నాడు చివరికి. "అన్నయ్యేగా."

"తీసుకుంటే తీసుకున్నాడు! తీసుకుని నా చేతికి పేరు పెట్టాడు. లోయంతా నా చేతి గురించి నవ్వింది. నువ్వూ నవ్వావు. దానికేమంటావ్?"

ఒచిర్ గోడవైపు తిరగబోయాడు. పిండికట్టు తిరగనివ్వలేదు.

ఆ వారమే నమ్జిల్ మనవరాలికి మొదటిసారి జుట్టు తీసే పండగ. వెళ్ళకపోతే తప్పు. నోర్జ్మా ముసలి గుర్రం మీద, పట్టుగుడ్డ, పిల్లకి ఒక ఉన్ని చొక్కా, జీను సంచిలో ఒక మూటా పెట్టుకుని బయల్దేరింది. మూటలో ఆ నల్ల ప్లేట్లూ, రెండు పానాలూ, ఆరె ఉన్నాయి. పండగంతా అయ్యాక, అందరూ వెళ్ళాక, పక్కకి పిలిచి అడగాలనే ఆమె అనుకుంది. దారి పొడుగునా ఆ మాటల్ని మర్యాదగా పేర్చుకుంటూ వెళ్ళింది.

గుడారం జనంతో కిక్కిరిసి ఉంది. పిల్ల ఒకరి ఒళ్ళో నుంచి ఒకరి ఒళ్ళోకి వెళ్తోంది. నీలం పట్టు కట్టిన కత్తెరతో ఒక్కొక్కరూ ఒక్కో కుచ్చు కత్తిరించి దీవిస్తున్నారు. నోర్జ్మా కూడా కత్తిరించి, పిల్ల నుదుటి మీద ముద్దుపెట్టి, పులిసిన గుర్రప్పాల గిన్నె అందుకుంది. అప్పుడు నమ్జిల్ ఇంటి పెద్దలు కూర్చునే వాయువ్యపు మూల నుంచి, అందరికీ వినపడేలా పిలిచాడు.

"ఏం మరదలా, గుర్రమెక్కి వచ్చావే! బండేదీ? నొక్కి నొక్కి చంపేశావా?"

అందరూ నవ్వారు. "చెయ్యి తీసి నడపమని చెప్పు నమ్జిల్," అన్నాడొకడు.

నోర్జ్మా గిన్నె కింద పెట్టింది. లేచి బయటికి నడిచింది. గుర్రాలు కట్టే తాడు పక్కనే నమ్జిల్ బండి ఉంది. ఇంజను ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె మూట విప్పి, పానా తీసి, మోకాళ్ళ మీద కూర్చుంది. కిక్ రాడ్ బోల్టు వదులయ్యేసరికి జనం తలుపు దగ్గర గుమిగూడారు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" నమ్జిల్ బయటికొచ్చాడు.

"క్లచ్ చూస్తున్నా బావగారూ. మీది ఇప్పుడు బ్రహ్మాండంగా పడుతోందటగా. ఎలా పడుతోందో నేర్చుకుందామని."

ఒక పెద్దాయన గొణిగాడు. "పండగ పూట ఇనుము చప్పుడేంటమ్మా? పిల్లకి మంచిది కాదు."

"ఆయిలు కింద పడితే ఇంకా మంచిది కాదు," అంది నోర్జ్మా. "ఎవరైనా ఒక బేసిన్ ఇవ్వండి."

ఎవరూ కదల్లేదు. అప్పుడు నమ్జిల్ భార్య ఖోర్లో, పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నుంచి లేవని మనిషి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో బేసిన్ ఉంది. బండి కింద పెట్టి, మొగుడివైపు తిరిగింది.

"విప్పనీ. రెండు బండ్లూ ఈ గడ్డి మీదే పక్కపక్కన పడుకోబెట్టావ్ గదా ఆ రోజు. ఏంటని అడిగితే తమ్ముడి బండి బాగుచేస్తున్నానన్నావ్. నేను నమ్మి నీకు టీ కూడా తెచ్చిచ్చా. నువ్వు మూతలకి పూసిన ఆ ఎర్ర జిగురు నేను బూట్లు అతికించుకునే జిగురు."

"నోరు ముయ్యి," అన్నాడు నమ్జిల్. తరువాత అందరివైపు చూసి నవ్వబోయాడు. "అన్నదమ్ములం. వాడి బండి నాది కాదా? నా గుర్రం వాడిది కాదా? ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా?"

ఆ కొండల్లో కోడలు బావగారి పేరు నోట పలకదు. ఆ పేరున్న కొండ ఎదురైనా దాన్ని "ఆ పెద్ద కొండ" అంటుంది. నోర్జ్మా కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పలకలేదు.

"నమ్జిల్!" అంది.

గుర్రాలు కూడా నమలడం ఆపినట్టయింది.

"అడిగుంటే బండితో సహా ఇచ్చేదాన్ని. అడగలేదు. దొంగిలించావ్. పోనీ, అదీ వదిలేస్తాను. మా ఇంటికొచ్చి, నా టీ తాగుతూ, నా చెయ్యి మంచిది కాదన్నావ్. మంచం మీదున్న నా మొగుడి చేత అనిపించావ్. గుడారం గుడారానికీ తిరిగి చెప్పావ్. నేను నిజంగానే నా చేతిని చూసుకున్నాను తెలుసా? లివర్ మీద ఎక్కువసేపు ఉందేమోనని, రాత్రి పడుకుని వేళ్ళు చూసుకున్నాను. ప్లేట్ల కంటే ముందు నా చేతి మీద నాకున్న నమ్మకం తిరిగివ్వు. ఇవ్వగలవా?"

పెద్దాయన ముక్కుపొడి సీసా జేబులో వెతుక్కున్నాడు.

రెండోసారి విప్పడం మొదటిసారి కంటే తేలిగ్గా అయింది. లాకు ఎగరకుండా ఈసారి ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. ప్లేట్లు బయటికొచ్చాయి. కాస్త నల్లబడినా తేనె రంగు ఇంకా ఉంది. వాటిని తన గుడ్డలో చుట్టుకుంది. మసి ప్లేట్లని అతని బండి పక్కన గడ్డి మీద పెట్టి లేచింది.

"బిగించి వెళ్ళు!" అన్నాడు నమ్జిల్. ఇప్పుడతని గొంతులో నవ్వు లేదు.

"ఎందుకు బావగారూ? మీకు వచ్చుగా. ఆడది చెయ్యి పెడితే పాడైపోతుంది."

ఇంటికొచ్చాక అది అంత సాఫీగా సాగలేదు. తిరిగి బిగించేటప్పుడు మొదట ఇనుప బిళ్ళ పెట్టాలో గరుకు ప్లేటు పెట్టాలో మరచిపోయింది. తప్పు పెట్టింది. తాత వేళ్ళతో తడిమి, "తిరగేశావే," అన్నాడు. మళ్ళీ విప్పింది. ప్లేట్లని నూనెలో నానబెట్టాలని తాతకి ఆలస్యంగా గుర్తొచ్చింది. మళ్ళీ విప్పి, నానబెట్టి, పెట్టింది. ప్యాకింగ్ లేదు. నూడుల్స్ అట్టపెట్టెని మూత మీద పరిచి, అంచుల చుట్టూ చిన్న సుత్తితో తట్టి, పడిన గీత వెంట కత్తిరించింది. చివరికి స్టార్ట్ చేసి గేరేస్తే, బండి లివర్‌ని ఖాతరు చేయకుండా ముందుకు దూకి పేడ కుప్పలోకి దూరింది. తీగ మరీ వదులుగా వదిలేసిందట. లోపలి నుంచి ఒచిర్ మొట్టమొదటిసారి భయంతో, "బతికున్నావా?" అని అడిగాడు. "నీకు టీ పెట్టే మనిషి బతికే ఉందిలే," అని, మరని కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేసింది.

సాయంత్రం వెలుగులో ఆమె కనుమ ఎక్కింది. రెండో గేరులో, ఆగకుండా. పైన దిగి, కింద చుక్కల్లా కనిపిస్తున్న రెండు గుడారాలని చూసింది. సంతోషం వస్తుందనుకుంది. వచ్చింది గానీ, దాని కింద కోపం అలాగే ఉంది, కదలకుండా.

ఉంటుంది మరి. లోయలో ఇప్పుడు మాట మారింది. నమ్జిల్ ప్లేట్లు మార్చాడన్న సంగతి ఎవరూ పెద్దగా ఎత్తడం లేదు. "పిల్ల పండగ పాడుచేసింది, బావగారి పేరు పిలిచింది," అంటున్నారు. మొన్నటిదాకా ఆడదాని చెయ్యి అన్నవాళ్ళే ఇప్పుడు ఆడదాని నోరు అంటున్నారు. ఒకరోజు, కట్టు తీసేశాక, ఒచిర్ బండి దగ్గర కర్ర ఆనుకుని నిలబడి, "ఆ రోజు నేను చూశానన్నది... చూడలేదులే," అన్నాడు. ఆమె వినిపించుకోనట్టు గొర్రెలవైపు వెళ్ళింది. ఆ మాత్రానికి కరిగిపోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

తెల్లనెల కొత్త సంవత్సరపు పండగకి చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళి తీరాలి. నోర్జ్మా, ఒచిర్ బండి మీద మంచులో నుంచి దిగువకి వెళ్ళారు. నోర్జ్మా నడిపింది. ఆచారం ప్రకారం ఆమె తన చేతులు నమ్జిల్ మోచేతుల కింద పెట్టి క్షేమం అడిగింది. అతనూ క్షేమమన్నాడు. ఖోర్లో ఆవిరి కక్కుతున్న మాంసం కుడుముల పళ్ళెం తెచ్చిపెట్టింది. సోమ్ నుంచి వచ్చిన చుట్టాలు బండి గురించి అడిగారు.

"మా మరదలు క్లచ్ విప్పి బిగిస్తుంది తెలుసా?" అన్నాడు నమ్జిల్, ఎంతో గర్వంగా. "నా దగ్గరే నేర్చుకుంది."

ఖోర్లో గరిటె కింద పడేసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఒచిర్ తల వంచుకుని కుడుము మింగబోయి దగ్గాడు. నోర్జ్మా చెవులు ఎర్రబడ్డాయి.

"ఏం నేర్పారు బావగారూ?" అంది. "విప్పడమా, మార్చెయ్యడమా?"

చుట్టాలకి అర్థం కాలేదు. నమ్జిల్ పక్కాయనకి ముక్కుపొడి సీసా అందించి, ఈ ఏడు మంచు ఎక్కువే పడేట్టుందన్నాడు. నోర్జ్మా అతని మొహం మీంచి చూపు తిప్పకుండానే ఇంకో కుడుము తీసుకుంది. కోపంతోనే తింది. అయినా బాగున్నాయి. ఖోర్లో ఆమె పళ్ళెంలో ఇంకో రెండు వేసింది.